ఉబ్బసం మందులు: ఊరట వేరు, చికిత్స వేరు

హైదరాబాద్‌లో తొలకరి పడి నాలుగు రోజులు కాగానే మెడికల్ షాపుల దగ్గర తరచుగా వినిపించే మాట ఒకటుంది: "దమ్ము లేస్తోంది, రెండు రోజులకు గోళీలు ఇయ్యండి." కౌంటరు వెనకాల ఉన్న మనిషి నాలుగు షీట్లు తీసి, కత్తెరతో నాలుగేసి గోళీలు కత్తిరించి, చిన్న కాగితం కవరులో వేసి చేతికిస్తాడు. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. గడువు తేదీ షీటు రెండో కొసన దుకాణంలోనే ఉండిపోతుంది. ఆ కవరులో సాధారణంగా ఊపిరి గొట్టాలను వెడల్పు చేసే గోళీ ఒకటి, తుమ్ములకు సిట్రిజిన్ ఒకటి, అవసరం ఉన్నా లేకున్నా ఒక యాంటీబయాటిక్, వీటితోపాటు చిన్న తెల్లటి స్టెరాయిడ్ గోళీ ఒకటి ఉంటాయి. మర్నాటికి ఆయాసం తగ్గుతుంది. తగ్గించింది వాటిలో ఏదో కొన్నవారికి తెలియదు. మళ్లీ దమ్ము వచ్చినప్పుడు అదే కవరు అడగాలని మాత్రం గుర్తుంటుంది.

ఉబ్బసం, అలర్జీ మందుల విషయంలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ గుర్తుండిపోవడంలోనే ఉంది. ఈ మందుల్లో కొన్ని నిమిషాల్లో పనిచేస్తాయి, కొన్ని గంటల్లో, కొన్ని వారాల తరబడి వాడితే గాని ఫలితం చూపవు. రోగి మందుకు విలువ కట్టేది మాత్రం అది ఎంత త్వరగా ఊరట ఇచ్చిందన్న ఒక్క కొలతతోనే. ఆ కొలతలో నిమిషాల మందు ఎప్పుడూ గెలుస్తుంది, వారాల మందు ఎప్పుడూ ఓడిపోతుంది. వైద్యశాస్త్రం గత యాభై ఏళ్లలో నేర్చుకున్నదేమో దీనికి దాదాపు తలకిందులుగా ఉంది.

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల దగ్గర రెండు వేరువేరు సంగతులు జరుగుతాయి. మొదటిది, గొట్టం చుట్టూ ఉన్న సన్నని కండరం బిగుసుకుని దారి ఇరుకు కావడం. రెండోది, గొట్టం లోపలి పొర వాచి ఎర్రబడి, జిగట తెమడ ఊరడం. మొదటిది వచ్చిపోతుంటుంది, పిల్లికూతలు, ఛాతీ పట్టేయడం దాని గుర్తులు. రెండోది, మనిషికి ఏ బాధా తెలియని రోజుల్లో కూడా, బూడిద కింద నిప్పులా లోపల ఉండనే ఉంటుంది. ఆ వాపు ఉన్నన్నాళ్లు పుప్పొడి, పొగ, చల్లగాలి, జలుబు వంటి ఏ చిన్న సాకు దొరికినా కండరం మళ్లీ బిగుస్తుంది. అలర్జీ ఉన్నవారిలో ఐజీఈ అనే ప్రతిరోధకం మాస్ట్ కణాలకు అంటుకుని ఉంటుంది. సరిపడని పదార్థం తగలగానే ఆ కణాలు పగిలినట్టై హిస్టమిన్, ల్యూకోట్రైన్ల వంటి రసాయనాలను వదులుతాయి. ముక్కులో అది తుమ్ములుగా, చర్మం మీద దద్దుర్లుగా, ఊపిరి గొట్టాల్లో ఆయాసంగా బయటపడుతుంది. ఉబ్బసం ఉన్నవారిలో అత్యధికులకు ముక్కు అలర్జీ కూడా ఉండడం ఇందుకే.

ఇక సాకులకు ఈ నగరంలో కొదవ లేదు. ఖాళీ ప్లాట్లలో వానలకు నడుము ఎత్తు పెరిగే వయ్యారిభామ, శివార్ల నిండా ఉన్న సర్కారు తుమ్మ, ఎండాకాలం మొదట్లో నెమలినార చెట్టు పుప్పొడి, ఏడాది పొడవునా ఇళ్ల నిర్మాణం దుమ్ము, ముసురు పట్టినప్పుడు గోడల మీద లేచే బూజు, పరుపుల్లోని ధూళి పురుగులు, వంటగదిలోని బొద్దింకలు అందులో ముఖ్యమైనవి. డివైడర్లలో పెంచిన కోనోకార్పస్ మీద చాలా వాదన నడిచింది; గుజరాత్ 2023లో ఆ చెట్టు నాటడాన్ని నిషేధించింది కూడా. నిజానికి ఇంట్లోని పరుపు చేసే హాని గురించి అందులో పదో వంతు చర్చ అయినా జరగదు. పావురాల సంగతి వేరు: మొజంజాహీ మార్కెట్ దగ్గర జొన్నలు చల్లేవారికీ, అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెట్టలు ఊడ్చేవారికీ వచ్చే దగ్గు, ఆయాసం కొన్నిసార్లు అసలు ఉబ్బసం కాదు, ఊపిరితిత్తుల కండను గట్టిపరిచే మరో జబ్బు. దాన్ని ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి పంపు, అంటే ఇన్‌హేలర్, వాడితే ఒరిగేది తక్కువ.

నిమిషాల్లో పనిచేసే మందుల్లో పెద్దది సాల్బుటమాల్. 1969లో బ్రిటన్‌లో మార్కెట్లోకి వచ్చింది. మన దగ్గర ఆస్థాలిన్ పేరుతో, నీలి రంగు పంపుగా అందరికీ తెలుసు. బిగుసుకున్న కండరాన్ని అయిదు నిమిషాల్లోపే సడలిస్తుంది, ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. పంపులో ఒక్కసారి నొక్కితే వచ్చే మందు 100 మైక్రోగ్రాములు. ఇదే మందు గోళీ రూపంలో మామూలుగా 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు ఉంటుంది. ఒక గోళీ మింగడమంటే నలభై పఫ్‌ల మందును కడుపులోకి పంపి, రక్తంలో కలిపి, ఒళ్లంతా తిప్పి, అందులో కాస్త ఊపిరితిత్తులకు చేరుతుందేమోనని ఎదురుచూడటమే. చేతులు వణకడం, గుండె దడదడలాడటం అందుకే వస్తాయి. పిల్లలకు పట్టే చాలా దగ్గు సిరప్‌లలోనూ ఇదే మందు, లేదా దీని తోబుట్టువు టర్బుటలిన్ ఉంటుంది. సిరప్ తాగిన పిల్లవాడు రాత్రంతా నిద్రపోకుండా ఎగురుతున్నాడని తల్లి చెప్పే ఫిర్యాదు వెనక ఉన్నది ఈ లెక్కే. పంపు "పెద్ద మందు", గోళీ "చిన్న మందు" అన్న నమ్మకం ఇక్కడ పూర్తిగా బోర్లా పడుతుంది.

అయితే నీలి పంపుకు తనదైన ప్రమాదం ఉంది. కండరాన్ని సడలిస్తుంది, వాపును ముట్టుకోదు. ఊపిరి ఆడగానే జబ్బు తగ్గిందనిపిస్తుంది, లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. 1960ల్లో ఇంగ్లండులో ఐసోప్రెనలిన్ అనే పాత మందును అధిక మోతాదులో నింపిన పంపులు వచ్చిన తర్వాత ఉబ్బసం మరణాలు పెరిగాయి. న్యూజిలాండ్‌లో 1976లో ఫెనోటెరాల్ పంపు ప్రవేశించాక ఇదే కథ మళ్లీ నడిచి, 1989లో దాని వాడకాన్ని కట్టడి చేశాక మరణాలు దిగివచ్చాయి. ఆ మందుల్లోనే విషం ఉందా, లేక ఊరట మందును నమ్ముకుని అసలు చికిత్స ఆలస్యం చేసుకోవడం వల్ల జరిగిందా అన్న వాదన చాలాకాలం సాగింది. రెంటికీ పాలు ఉందనుకోవడమే సబబు. చివరికి ఉబ్బసం చికిత్సకు ప్రపంచవ్యాప్తంగా మార్గదర్శకాలు వెలువరించే 'జినా' సంస్థ 2019లో తేల్చి చెప్పింది: పెద్దల్లోనూ, పన్నెండేళ్లు దాటిన పిల్లల్లోనూ ఉబ్బసానికి సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వకూడదు. ఏడాదికి మూడు పంపులు, అంతకన్నా ఎక్కువ ఖాళీ చేసేవారికి తీవ్రమైన దాడుల ముప్పు ఎక్కువ. నెలకొకటి చొప్పున పన్నెండు దాటితే మరణ ముప్పే పెరుగుతుంది.

ఈ మాట మన దేశానికి ఎంత అవసరమో రెండు అంకెలు చెబుతాయి. ప్రపంచ వ్యాధిభారంపై 2019 అంచనాల ప్రకారం ఉబ్బసం ఉన్నవారిలో భారతీయులు సుమారు 13 శాతం. ఉబ్బసంతో చనిపోయేవారిలో మాత్రం 42 శాతానికి పైగా. జబ్బు మనకేమీ ఎక్కువ రావడం లేదు. వచ్చినవారిని కాపాడే మందు వారి చేతికి చేరడం లేదు, చేరినా గూట్లోనే ఉండిపోతోంది.

ఆ మందు పీల్చే స్టెరాయిడ్. 1972లో బెక్లోమెథసోన్ పంపుగా మొదలైంది. ఇప్పుడు బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. గొట్టం లోపలి వాపును ఇది రోజుకింత చొప్పున దించుతుంది. గుణం కొన్ని రోజుల్లో మొదలై, పూర్తిగా కనిపించడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పీల్చిన క్షణంలో ఏమీ తెలియదు. ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లి, చీటీలో రాసిన రెండు పంపులూ కొనుక్కుని ఇంటికొచ్చిన మనిషి, నీలి పంపుతో వెంటనే హాయిగా అనిపించి, రెండో పంపుతో ఏమీ అనిపించక, నెల తిరిగేసరికి రెండోదాన్ని కొనడం మానేయడంలో ఆశ్చర్యమేమీ లేదు. అతడి అనుభవం అతడికి చెప్పింది అదే. అతడు మానేసింది చికిత్స, ఉంచుకున్నది ఊరట.

దానికి తోడు స్టెరాయిడ్ అన్న మాటకు ఉన్న భయం ఒకటి. ఈ భయాన్ని కూడా అంకెలతోనే తూచాలి. బుడెసొనైడ్ పంపులో ఒక పఫ్ 100 లేదా 200 మైక్రోగ్రాములు. ఉబ్బసం తీవ్రంగా తిరగబెట్టినప్పుడు పెద్దలకు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాదు, పీల్చే మందు బరువుకు బరువు చాలా గట్టిది, కాబట్టి ఈ పోలిక అచ్చంగా సరితూగేది కాదు. అయినా వాపు ఉన్న చోటికే కొద్దిపాటి మందు పంపడానికీ, ఒళ్లంతా తడపడానికీ ఉన్న తేడా అందులో తెలుస్తుంది. చిన్నప్పటి నుంచీ పీల్చే స్టెరాయిడ్ వాడిన పిల్లల్లో పెద్దయ్యాక ఎత్తు సగటున ఒక సెంటీమీటరు దాకా తగ్గవచ్చని దీర్ఘకాల పరిశీలనలో తేలింది. గొంతు బొంగురుపోవడం, నోటిలో తెల్లటి పూత రావడం మామూలుగా కనిపించే ఇబ్బందులు. పీల్చిన తర్వాత నీళ్లతో పుక్కిలించి ఉమ్మేస్తే అవీ చాలావరకు తప్పుతాయి. అదుపులో లేని ఉబ్బసం కూడా పిల్లల ఎదుగుదలను దెబ్బతీయగలదన్నది లెక్కలో వేసుకోవాలి.

విచిత్రమేమిటంటే, పంపులోని స్టెరాయిడ్‌కు భయపడి మానేసిన మనిషే కత్తిరించిన షీటులోని తెల్ల గోళీని నిశ్చింతగా మింగుతున్నాడు. అది సాధారణంగా బీటామెథసోన్ లేదా డెక్సామెథసోన్. అర మిల్లీగ్రాము బీటామెథసోన్ గోళీ ఒకటి దాదాపు 4 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం. కవరు మీద స్టెరాయిడ్ అని ఉండదు కనుక భయమూ ఉండదు. గంటల్లో ఆయాసం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, కీళ్ల నొప్పులు కూడా మాయమవుతాయి. ఇంత మంచి గోళీ ఇచ్చిన షాపు మీద గురి కుదురుతుంది. ఏళ్ల తరబడి ఇలా వాడినవారిలో మొహం గుండ్రంగా ఉబ్బడం, షుగర్, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంట్లో శుక్లాలు రావడం ఒకవైపు. శరీరం తన సొంత స్టెరాయిడ్‌ను తయారుచేసుకోవడం తగ్గించుకోవడం మరోవైపు. ఈ రెండో దశకు చేరిన మనిషి గోళీని ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే చాలాకాలంగా వాడుతున్నవారు ఈ సంగతి తెలిసి కూడా తమంతట తామే ఆపకూడదు. డాక్టరు చూస్తుండగా మెల్లగా దించుకురావాలి. ఇవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులన్న నియమం ప్రతి షీటు మీదా ఎర్ర గీతతో అచ్చువేసే ఉంటుంది. కత్తెర దాన్నీ కత్తిరించేస్తుంది.

స్టెరాయిడ్ గోళీ అసలు వద్దని కాదు. తీవ్రమైన దాడిలో అయిదు నుంచి ఏడు రోజులు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ ప్రాణం నిలుపుతుంది, అంత కొద్ది రోజులకు మోతాదు దించుతూ రావలసిన పని కూడా ఉండదు. కానీ ఏడాదిలో రెండుసార్లు అది అవసరమైందంటే, అసలు చికిత్స ఎక్కడో దారి తప్పిందని అర్థం.

రెండు మందులనూ ఒకే పంపులో పెడితే మనిషి స్వభావంతో పోరాడాల్సిన పని తగ్గుతుందన్న ఆలోచన ఇటీవలి చికిత్సకు ప్రాణం. ఫార్మోటెరాల్ అనే మందు సాల్బుటమాల్ లాగే నిమిషాల్లో కండరాన్ని సడలిస్తుంది, పన్నెండు గంటలు నిలుస్తుంది. దాన్ని బుడెసొనైడ్‌తో కలిపిన పంపును, మన దగ్గర ఫోరాకార్ట్ వంటి పేర్లతో దొరికేదాన్ని, తేలికపాటి ఉబ్బసంలో ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వాడినా తీవ్రమైన దాడులు గణనీయంగా తగ్గుతాయని 2018లో వెలువడిన పెద్ద పరిశోధనలు చూపించాయి. ఊరట కోసం నొక్కిన ప్రతిసారీ, రోగికి తెలియకుండానే, చికిత్స కూడా లోపలికి వెళుతుంది. జినా 2019లో మార్చుకున్న సలహాకు పునాది ఇదే. అన్ని జంట పంపులూ ఇలా వాడేవి కావు: సాల్మెటరాల్ కలిసిన సెరోఫ్లో వంటివి నెమ్మదిగా పని మొదలుపెడతాయి కనుక పూటకు కట్టుబడే వాడాలి, అత్యవసరంలో అక్కరకు రావు. ఇక స్టెరాయిడ్ తోడు లేకుండా సాల్మెటరాల్ ఒక్కటే వాడటం ఉబ్బసంలో మరణ ముప్పును పెంచుతుందని 2006 నాటి అధ్యయనం తర్వాత సందేహం మిగల్లేదు.

మందు సరైనదే అయినా ఊపిరితిత్తికి చేరకపోతే దండగే. పంపు వాడకంలో జరిగే తప్పులను దగ్గర నుంచి చూస్తే, అసలు పనిచేయడమే ఆశ్చర్యం అనిపిస్తుంది. మూత తీయకుండా నొక్కేవారు అరుదే గాని, ఊపకుండా నొక్కేవారు, ముందు నొక్కి తర్వాత పీల్చేవారు, ముక్కుతో పీల్చేవారు కొల్లలు. పంపును బాగా ఊపి, ఊపిరి పూర్తిగా బయటికి వదిలి, పెదవులను పంపు మూతి చుట్టూ బిగించి, నెమ్మదిగా లోతుగా పీల్చడం మొదలుపెడుతూ ఒక్కసారి నొక్కి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్‌కు అర నిమిషం ఆగాలి. చక్కగా పీల్చినా మందులో కొంత భాగమే లోపలికి చేరి, ఎక్కువ భాగం గొంతు గోడకే అంటుకుంటుంది. స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం మధ్యలో పెడితే ఆ వృథా బాగా తగ్గుతుంది. చిన్నపిల్లలకూ ముసలివారికీ అది లేకుండా పంపు ఇవ్వడం అర్థంలేని పని. రొటాహేలర్ పద్ధతి దీనికి వ్యతిరేకం: అందులో పొడి మందు కనుక గట్టిగా, వేగంగా పీల్చాలి. ఒకదాన్ని నేర్చుకున్నవారికి మరోదాన్ని చూపించకుండా మార్చి ఇస్తే, నెమ్మదిగా పీల్చి పొడిని నోట్లోనే ఉంచుకుంటారు. రొటాహేలర్‌లో వేయాల్సిన గొట్టం బిళ్లను నీళ్లతో మింగేవారూ ఉన్నారు. బిళ్ల కనిపిస్తే మింగడం తప్ప ఇంకేం చేయాలో ఎవరూ చెప్పనప్పుడు అది వారి తప్పు కాదు.

నెబులైజర్‌ను "మిషన్ పెట్టడం" అంటారు, అది పంపు కన్నా బలమైన వైద్యమని నమ్మకం. లోపలికి వెళ్లే మందు అదే. ఓ మోస్తరు దాడిలో స్పేసర్‌తో నాలుగు నుంచి పది పఫ్‌లు ఇవ్వడం మిషన్‌తో సమానంగా పనిచేస్తుంది. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలిరంగు తిరగడం, పంపు వాడినా గంటలోపు మళ్లీ మొదలవడం ఉంటే మాత్రం ఇంట్లో లెక్కలు కట్టకుండా ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఈ నగరంలో తరతరాలుగా ఊపిరి జబ్బులకు పేదల దిక్కు. ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, ఒక్కసారైనా చేయించుకుంటే అసలు ఉన్నది ఉబ్బసమో, పొగ వల్ల వచ్చిన మరో జబ్బో తెలుస్తుంది. ఆ పరీక్ష లేకుండా పదేళ్లు మందులు మింగినవారు మన చుట్టూ చాలామందే.

హైదరాబాద్‌లో ఉబ్బసం గురించి రాస్తూ చేప మందును దాటిపోవడం కుదరదు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో, పసుపు రంగు ముద్ద నోట్లో పెట్టిన కొర్రమీను పిల్లను సజీవంగా మింగించే బత్తిని కుటుంబం ఆచారం 1845 నుంచీ ఉందని వారు చెబుతారు. చేపపిల్లలను ప్రభుత్వ మత్స్యశాఖే సమకూరుస్తుంది, శాకాహారులకు బెల్లంలో పెట్టి ఇస్తారు. మూడేళ్లు వరసగా తీసుకోవాలని, నలభై అయిదు రోజులు పథ్యం చేయాలని నియమం. ముద్దలో ఏముందో కుటుంబం బయటపెట్టదు, అది పనిచేస్తుందని శాస్త్రీయ పరీక్షలో తేలిందీ లేదు. మరి గుణం కనిపించిందనేవారు అబద్ధం చెబుతున్నట్టా అంటే, అలా అనుకోనక్కర్లేదు. ఉబ్బసం తనంతట తానే ఎక్కువ తక్కువలు అయ్యే జబ్బు. మనిషి బాగా అవస్థపడుతున్నప్పుడే బయలుదేరి వస్తాడు, ఆ తర్వాత రాబోయేది ఎలాగూ కొంత మెరుగైన కాలమే. చిన్నతనంలో వచ్చిన ఉబ్బసం యుక్తవయసులో చాలామందికి తగ్గుతుంది కూడా. మూడేళ్ల గడువు ఆ తగ్గుదలను తన ఖాతాలో వేసుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. నమ్మకంతో తీసుకున్నంత మాత్రాన జరిగే నష్టం అంతగా లేకపోవచ్చు. ఆ నలభై అయిదు రోజులు పంపు పక్కన పెట్టేస్తేనే అసలు ప్రమాదం.

ఇక తుమ్ములు, దురద, దద్దుర్ల వైపు వస్తే, యాంటీహిస్టమిన్లది గంటల లెక్క. పాతతరం క్లోర్‌ఫెనిరమిన్, ఏవిల్ పేరుతో తెలిసిన ఫెనిరమిన్ మెదడులోకి చొరబడి మగత తెస్తాయి. ఆ మగతను "మందు బాగా పట్టింది" అనుకోవడం మామూలే. రాత్రి వేసుకున్నా మర్నాడు బండి నడిపేటప్పుడు చురుకు తగ్గే ఉంటుంది. సిట్రిజిన్, లెవోసిట్రిజిన్‌లతో మగత తక్కువే గాని కొందరికి ఉంటుంది. ఫెక్సోఫెనడిన్‌తో దాదాపు ఉండదు. ఈ చివరిదాన్ని నీళ్లతోనే మింగాలి: ఆపిల్, కమలా వంటి పండ్ల రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టే మందు బాగా తగ్గిపోతుంది, గ్యాస్ కోసం తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్‌లతోనూ అంతే. జలుబు సిరప్‌లలో క్లోర్‌ఫెనిరమిన్‌తో ఫినైలెఫ్రిన్ కలిపిన వాటిని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. వీటన్నిటికీ మించి గుర్తుంచుకోవాల్సింది, యాంటీహిస్టమిన్ ఉబ్బసానికి మందు కాదన్నది. తుమ్ములు ఆగుతాయి, ఊపిరి గొట్టాలు అలాగే ఉంటాయి.

ముక్కు దిబ్బడకు కూడా ఇదే ఊరట, చికిత్సల తగవు ఉంది. ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ చుక్కలు రెండు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. అయిదు రోజులు దాటి వాడితే చుక్క దిగిపోగానే ముక్కు మునుపటి కన్నా గట్టిగా మూసుకుంటుంది. ఆ దిబ్బడకు మళ్లీ అదే చుక్క వేయాల్సి వస్తుంది. జేబులో సీసా లేనిదే గడప దాటనివారు ఇలా తయారవుతారు. ఫ్లూటికసోన్, మొమెటసోన్ స్ప్రేలు వారం రెండు వారాలకు గాని పూర్తి గుణం చూపవు, దిబ్బడకు మాత్రం గోళీల కన్నా బాగా పనిచేస్తాయి. స్ప్రేను ముక్కు మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపు తిప్పి కొట్టాలి, లేకపోతే రక్తం చిందుతుంది. ఎడమ ముక్కుకు కుడి చెయ్యి, కుడి ముక్కుకు ఎడమ చెయ్యి వాడితే దిశ దానంతటదే కుదురుతుంది.

మాంటెలుకాస్ట్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే లెవోసిట్రిజిన్‌తో కలిపిన ఆ గోళీ ఇప్పుడు జలుబు అన్న ప్రతి చీటీలోనూ కనిపిస్తోంది. ల్యూకోట్రైన్లను అడ్డుకునే మందు ఇది. 2012 ఆగస్టులో అమెరికాలో దీని చవక రకాలకు మొదటిసారి అనుమతి లభించిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన అరబిందో కూడా ఉంది. పంపు వాడలేని పిల్లలకు, ముక్కు అలర్జీ ఉబ్బసంతో కలిసి ఉన్నవారికి అక్కరకొస్తుంది; పీల్చే స్టెరాయిడ్‌కు సాటి మాత్రం కాదు. పీడకలలు, చిరాకు, దిగులు, అరుదుగా ఆత్మహత్య ఆలోచనలు రావచ్చంటూ అమెరికా ఔషధ సంస్థ 2020 మార్చిలో దీనికి అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించింది. మామూలు ముక్కు అలర్జీకి వేరే మందులు పనిచేయనప్పుడే వాడాలని అందులోనే చెప్పింది. పిల్లవాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడంటే దిష్టి తీయించే ముందు ఈ గోళీ ఎప్పటి నుంచి వేస్తున్నారో చూసుకోవాలి.

డెరిఫిల్లిన్‌గా పేరుపడ్డ థియోఫిలిన్ రకం మందులకు కాలం చెల్లుతోంది. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ దూరం తక్కువ, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ తోడైతే ఆ దూరం ఇంకా తగ్గుతుంది. ఉబ్బసం మందులు కాకపోయినా ఉబ్బసాన్ని తిరగబెట్టే మందులను కూడా ఇక్కడే చెప్పుకోవాలి: కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి గోళీలు, తలనొప్పికో గుండెదడకో ఇచ్చే ప్రొప్రనొలాల్, చివరికి గ్లకోమాకు కంట్లో వేసే టిమొలాల్ చుక్క సైతం. కంటి డాక్టరుకు ఉబ్బసం సంగతి చెప్పాలని ఎవరికి తడుతుంది?

తేనెటీగ కుట్టినప్పుడో, వేరుశనగ, రొయ్యలు పడనప్పుడో, సూది మందు వికటించినప్పుడో ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగిసి, బీపీ పడిపోతే పనికొచ్చే మొదటి మందు ఒకటే, అడ్రినలిన్. పెద్దలకు అర మిల్లీగ్రాము తొడ బయటి కండరంలోకి ఇవ్వాలి, తగ్గకపోతే అయిదు నిమిషాలకు మళ్లీ ఇవ్వాలి. ఏవిల్, స్టెరాయిడ్ సూదులు ఇచ్చి చూద్దామనడం అలవాటుగా మారింది. అవి దద్దుర్లను తగ్గిస్తాయేమో గాని మూసుకుపోతున్న గొంతును తెరవవు.

అలర్జీని మొదలంటా మార్చే ప్రయత్నం 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని సూదిగా ఇవ్వడంతో మొదలైంది. సరిపడని పదార్థాన్నే కొద్దికొద్దిగా పెంచుతూ మూడేళ్లకు తక్కువ కాకుండా ఇచ్చే ఈ పద్ధతి, కారణం ఖాయంగా తెలిసినవారిలో బాగా పనిచేస్తుంది. ఉబ్బసం అదుపులో లేనివారికి ప్రమాదం. వంద పదార్థాల జాబితాతో రక్తపరీక్ష చేయించుకుని, వంకాయ నుంచి పెరుగు దాకా అన్నీ మానేసినవారికి మాత్రం ఆ కాగితం వల్ల ఆకలి తప్ప లాభం ఉండదు. పరీక్షలో కనిపించినంత మాత్రాన అది పడదని కాదు. అమెరికాలో 2003లో అనుమతి పొందిన ఒమాలిజుమాబ్, తర్వాత వచ్చిన మెపోలిజుమాబ్, డుపిలుమాబ్ సూదులు అన్ని మందులూ వాడినా లొంగని ఉబ్బసానికి. ఖరీదు సామాన్యుడికి అందేది కాదు, ఆ దశకు వచ్చారనుకున్నవారిలో చాలామందికి నిజానికి పంపు పీల్చడం సరిచేస్తే సరిపోతుంది.

పంపు అలవాటైతే జన్మంతా మానలేమన్న భయానికి కూడా లెక్క ఉంది. మూడు నెలలు నిలకడగా ఉంటే డాక్టరు మోతాదును పావు వంతు నుంచి సగం దాకా తగ్గించి చూస్తారు, మళ్లీ మూడు నెలలు చూసి మరికాస్త తగ్గిస్తారు. ఎంత పీలుస్తున్నారో తెలియనిదే ఈ తగ్గింపు కుదరదు. నీలి పంపులో 200 పఫ్‌లు, జంట పంపుల్లో సాధారణంగా 120 ఉంటాయి. పంపును నీళ్ల గిన్నెలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పాత పద్ధతి నమ్మదగింది కాదు. వెనకవైపు చిన్న కిటికీలో అంకెలు తిరిగే పంపులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అక్కడ సున్నా వచ్చిన తర్వాత కూడా నొక్కితే ఇంకొన్నాళ్లు చప్పుడు వస్తుంది, నాలుక మీద చల్లగా తగులుతుంది. ఆ వచ్చేది మందును తోసే వాయువు మాత్రమే.